తాగకుండా తూలిన కదిరేశన్

తిరుచ్చి కంటోన్మెంటులోని ఆ ఆఫీసులో మంగయర్కరసిని ఎదురుగా మంగై అక్క అనేవాళ్ళు, వెనకాల చుక్కక్క అనేవాళ్ళు. జబ్బుకి వేసే కోడులో చుక్క తర్వాత పడాల్సిన అంకె ఒక్కటి తప్పినా ఆమె ఎవరినీ వదిలిపెట్టేది కాదు. అందుకని ఆ పేరు.

అమెరికాలో ఎవరో పెద్దాయన డాక్టరు దగ్గరికి వెళ్ళి కాళ్ళు మొద్దుబారుతున్నాయంటాడు. డాక్టరు రాసిందంతా కంప్యూటర్లో తిరుచ్చికి వస్తుంది. ఇక్కడి పిల్లలు దాన్ని చదివి, ఏ జబ్బుకి ఏ కోడో వేసి పంపితేనే అక్కడి బీమావాళ్ళు డాక్టరుకి డబ్బు చెల్లిస్తారు. జువాలజీ డిగ్రీ పట్టుకుని ఎక్కడా ఉద్యోగం దొరకని రోజుల్లో మంగై ఈ మెడికల్ కోడింగ్ నేర్చుకుంది. పరీక్ష రాసి పాసయింది. ఏళ్ళ తరబడి చేసి చేసి, ఇప్పుడు మిగతావాళ్ళు వేసిన కోడులు సరిచూసే స్థాయికి వచ్చింది. విటమిన్ లోపాల చాప్టరు కొత్తవాళ్ళకి ఆమే చెప్పేది. బి పన్నెండు తక్కువైతే ఇ ఐదు మూడు చుక్క ఎనిమిది. దాంతోపాటు ఆ లోపం వల్లే రక్తం కూడా తగ్గితే డి యాభై ఒకటి వరసలోకి పోవాలి. నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు.

ఒకసారి ఆఫ్రీన్ అని కొత్తగా చేరిన అమ్మాయి, డాక్టరు ఎక్కడా లోపం అని రాయకపోయినా రక్తపరీక్షలో అంకె చూసి కోడు వేసేసింది. మంగై ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

“డాక్టరు రాశాడా?”

“రాయలేదక్కా. కానీ బి పన్నెండు అంత తక్కువుంది కదా. కాళ్ళు తిమ్మిరంట, నాలుక మంటంట, నడుస్తుంటే తూలుతున్నాడంట. చిన్నపిల్లని అడిగినా చెబుతుందక్కా.”

“చిన్నపిల్ల చెప్పొచ్చు. నువ్వు చెప్పకూడదు. మనిషిని చూసింది ఆ డాక్టరు. మనం చూడలేదు. చూడనిదాన్ని ‘ఇదే అయ్యుంటుంది’ అనుకోవడం మొదలెడితే ఈ ఉద్యోగం మానేసి జాతకాలు చెప్పుకోవాలి.”

ఆఫ్రీన్ నవ్వింది. మంగై కూడా నవ్వింది. తప్పు పట్టి కూడా నవ్వించగలనని ఆమెకు లోలోపల కాస్త గొప్పగా ఉండేది.

మంగై తండ్రి కదిరేశన్ పొన్మలై రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. చేతి పనిలో ఆయన్ని మించినవాడు లేడనేవాళ్ళు. తాగుడులోనూ అంతే. జీతం రోజున ఆయన్ని ఇంటికి తీసుకురావడానికి ఇద్దరు మనుషులు కావలసొచ్చేది. మంగై చిన్నప్పుడు, సాయంత్రం వాకిట్లో తండ్రి చెప్పుల చప్పుడు వినపడగానే తల్లి వంటింట్లోంచి కేకేసేది: “పోయి వాసన చూసిరావే!” మంగై పరుగెత్తుకెళ్ళి తండ్రి మెడ చుట్టూ చేతులు వేసేది. ముద్దు పెట్టుకోవడానికి కాదు. వాసన ఉంటే తల్లి అన్నం వడ్డించి, మాట్లాడకుండా పక్కింటికి వెళ్ళిపోయేది. లేని రోజున ముగ్గురూ కలిసి తినేవాళ్ళు.

ఆ తల్లి తాగని మొగుడిని చూడకుండానే పోయింది. ఆమె పోయిన ఏడాది కదిరేశన్ కాలినడకన పళని వెళ్ళి, గుండు కొట్టించుకుని, మందూ మాంసమూ రెండూ మానేసి వచ్చాడు. మళ్ళీ ముట్టలేదు. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. మంగై మాత్రం మెచ్చుకోలేకపోయింది. మానగలిగిన మనిషి అమ్మ బతికుండగా ఎందుకు మానలేదన్న ప్రశ్న ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. పెళ్ళయ్యాక తండ్రిని తన ఇంటి మేడ మీది గదిలో ఉంచుకుంది. షుగరు మాత్రలు వేళకి ఇచ్చేది, వేడిగా వండిపెట్టేది. లోటు చేయలేదు. ఆ ప్రశ్న మాత్రం అడగనూలేదు, మరిచిపోనూలేదు.

కదిరేశన్ అక్కగారు పాప్పాత్తి అత్త మనవరాలి పెళ్ళి మణచ్చనల్లూరులో జరిగింది. మేనమామ వరసవాళ్ళు సారె పళ్ళేలు మంటపంలోకి తీసుకురావాలి. కొబ్బరికాయలూ పట్టుచీరా పెట్టిన పెద్ద పళ్ళెం తానే మోస్తానన్నాడు కదిరేశన్. మంటపం మెట్ల దగ్గర కాలు ఎక్కడ పెడుతున్నాడో తెలియనివాడిలా రెండుసార్లు తడబడ్డాడు. మూడో మెట్టు మీద తూలి పళ్ళెం వదిలేశాడు. కొబ్బరికాయలు నాదస్వరం వాయించేవాళ్ళ కాళ్ళ మధ్యకి దొర్లిపోయాయి. చీర తడి నేల మీద పడింది.

“ఏం మామా, నేల ఊగుతోందా, నువ్వు ఊగుతున్నావా?” అన్నాడెవరో కుర్రవాడు. మగవాళ్ళ వైపు నుంచి నవ్వులు లేచాయి.

పాప్పాత్తి అత్త నవ్వలేదు. “శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఈ పూట కూడా ఆగలేకపోయావా తమ్ముడూ?” అంది, నలుగురికీ వినపడేలా.

మంగైకి ఒళ్ళంతా మంటెత్తింది. చిన్నప్పుడు తండ్రి తాగి తూలుతూ వచ్చిన వీధులన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి తండ్రి ఎదురుగా నిలబడింది.

“నోరు తెరువు.”

“అమ్మాడీ, కాలు జారిందే...”

“నోరు తెరువప్పా. వాసన చూడాలి.”

కదిరేశన్ చుట్టూ ఒకసారి చూశాడు. తర్వాత డాక్టరు ముందు కూర్చున్న చిన్నపిల్లాడిలా నోరు బాగా తెరిచాడు. మంగై ముఖం దగ్గరపెట్టి వాసన చూసింది. లవంగం వాసన తప్ప మరేం లేదు. లవంగం నమిలి కప్పిపుచ్చుతున్నాడనుకుంది. నాలుక గరుకుదనమంతా పోయి, తోలు తీసినట్టు నున్నగా, ఎర్రగా ఉంది. ఆ నాలుక ఆమె కళ్ళకి జానెడు దూరంలో ఉంది. ఆమె చూడలేదు. వాసన చూడ్డానికి వచ్చింది, వాసన చూసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో కాపలా మొదలైంది. ఆఫీసుకి వెళ్ళేముందు తండ్రి గది బీరువా వెతికేది. పరుపు కింద చెయ్యిపెట్టి చూసేది. వీధి చివర ఆటో స్టాండులో వాళ్ళకి, ఆయన వైన్ షాపు వైపు వెళితే ఫోన్ చెయ్యమని చెప్పింది. ఎక్కడా ఏమీ దొరకలేదు. దొరకని కొద్దీ ఆమె అనుమానం పెరిగింది.

కదిరేశన్ కారం తినడం మానేసి, మూడు పూటలా పెరుగన్నమే అడిగేవాడు. “కారం తింటే ఎవరైనా నీళ్ళు తాగుతారు. నీకు నీళ్ళు సహించవు కదా,” అంది మంగై ఒకసారి. ఆయన తలవంచుకుని తిన్నాడు. మరోసారి వీధి కుళాయి విప్పి మరిచిపోయి వచ్చాడు. ఇంకోసారి చనిపోయిన భార్య పేరు పెట్టి మంగైని పిలిచాడు. ప్రతిసారీ ఆమెకు దొరికిన అర్థం ఒక్కటే.

భర్త తిరునావు ఒకసారి మెల్లగా అన్నాడు. “మామగారు తాగినట్టు నాకనిపించడం లేదు మంగై. ఒకసారి చూపిద్దాం.”

“నీకు తాగుబోతు ఇంట్లో పుట్టిన అనుభవం లేదు. వాళ్ళు ఎన్ని నాటకాలాడతారో నీకేం తెలుసు?”



ఒక శనివారం పొద్దున కదిరేశన్ సబ్బు రాసుకుని ముఖం కడుక్కుంటూ, కళ్ళు మూసుకున్నవాడు మూసుకున్నట్టే కుళాయి పక్క గోడ మీద పడిపోయాడు. నుదురు చీలింది. తిరునావు, మంగై కలిసి ఆటోలో సుబ్రమణ్యపురంలోని చిన్న క్లినిక్‌కి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు యాభై దాటిన ఆవిడ. కుట్లు వేస్తూ అడిగింది, “ఎలా పడ్డారు?”

కదిరేశన్ నోరు విప్పేలోగా మంగై అనేసింది. “తాగి పడ్డాడు డాక్టర్. పాత అలవాటు.”

కదిరేశన్ ఆ మాట విని గోడ వైపు చూశాడు. కాదనలేదు.

డాక్టరు ఆయన ముఖం దగ్గరికి వంగింది. “పెద్దాయనా, నాలుక చూపించండి.” చూసింది. చాలాసేపు చూసింది. “ముఖం కడుక్కునేటప్పుడు కళ్ళు మూస్తే తూలుతుందా?”

“ఔనమ్మా. తెరిచి ఉంటే పర్వాలేదు.”

“అరికాళ్ళ కింద దూది ఉన్నట్టుంటుందా?”

కదిరేశన్ ఆశ్చర్యంగా చూశాడు. “దూది కాదమ్మా, ఇసక. చెప్పులు వేసుకున్నానో లేదో కిందికి చూసుకుంటే గానీ తెలియదు.”

“ఎన్నాళ్ళుగా?”

“ఏడాది దాటిందేమో.”

“ఎవరికీ చెప్పలేదా?”

డాక్టరు ఆయన్ని నిలబెట్టి, పాదాలు దగ్గర చేర్చమని, కళ్ళు మూసుకోమంది. మూసుకోగానే నరికిన చెట్టులా పక్కకి ఒరిగాడు. మంగై పట్టుకుంది. తండ్రి బరువు ఆమె భుజం మీద పడింది. ఈ పరీక్ష పేరు ఆమెకు తెలుసు. ఎన్ని వందల చార్టుల్లో చదివిందో లెక్కలేదు. చదివి ముందుకి జరిగిపోయిన మాట అది.

“షుగరు మాత్ర ఎన్నేళ్ళుగా వేసుకుంటున్నారు?” డాక్టరు మంగైనే అడిగింది.

“తొమ్మిదేళ్ళు... నేనే ఇస్తాను.”

“మాంసం, గుడ్డు?”

“మానేశాడు.”

ఆ సాయంత్రమే రక్తపరీక్ష ఫలితం వచ్చాక డాక్టరు కాగితం ముందు పెట్టుకుని ఓపికగా చెప్పడం మొదలుపెట్టింది. “బి పన్నెండు అని ఒక విటమిన్ ఉంటుందమ్మా. నరాలకి అది అవసరం. ఈ షుగరు మాత్ర ఏళ్ళ తరబడి వాడితే కొందరికి అది ఒంటికి పట్టదు. పట్టకపోతే కాళ్ళు మొద్దుబారతాయి, నడక తప్పుతుంది, మతిమరుపు వస్తుంది. చూసేవాళ్ళకి తాగినట్టే ఉంటుంది. అర్థమవుతోందా?”

“అవుతోంది డాక్టర్.”

“మీరేం పని చేస్తారు?”

మంగై మెడలో ఆఫీసు కార్డు లేదు, శనివారం కదా. దానికి ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకుంది. “కంప్యూటర్ పని,” అంది.

తిరునావు ఆమె వైపు చూశాడు. అతను ఏమీ అనకపోవడం ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

డాక్టరు చీటీ మీద జబ్బు పేరు రాసి ఇచ్చింది. మంగై చదివింది. చదవగానే ముందు తట్టింది కోడు: ఇ ఐదు మూడు చుక్క ఎనిమిది. రక్తం కూడా తగ్గి ఉంది కాబట్టి అది కాదు, డి యాభై ఒకటి వెయ్యాలి అని మనసు దానంతటదే దిద్దుకుంది కూడా. ఆ దిద్దుబాటు అయిపోయాక గానీ ఆ కాగితం తన తండ్రిదని గుర్తురాలేదు. అప్పటికి మందుల షాపు ముందు నిలబడి ఉంది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, రోడ్డుకి వీపు తిప్పి ఇంజెక్షన్లు కొంది.

మొదట రోజూ ఒక సూది, తర్వాత వారానికొకటి. అన్నిటికంటే ముందు నాలుక బాగుపడింది. ఒక ఆదివారం కదిరేశన్ రసంలో మిరియాలు తక్కువయ్యాయన్నాడు. మంగై వంటింట్లోకి వెళ్ళి గోడకానుకుని నిలబడిపోయింది. ఏడుపు రాలేదు. వచ్చుంటే బాగుండేదనిపించింది.

ఆ మధ్యాహ్నం మేడ మీదికి వెళ్ళి తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

“కాళ్ళు అలా ఉన్నాయని నాకెందుకు చెప్పలేదప్పా?”

కదిరేశన్ ఎదురింటి మిద్దె మీద ఆరేసిన బట్టల్ని చూస్తూ చెప్పాడు.

“నాకే అనుమానం వచ్చిందే అమ్మాడీ. తాగకుండా తూలుతున్నాను. తాగకుండా మాట మరిచిపోతున్నాను. అన్నేళ్ళు పోసుకున్నది ఎక్కడికి పోతుంది, లోపలే ఉండి ఇప్పుడు బయటికొస్తోందనుకున్నాను. పళనిలో చెల్లించిన మొక్కు ఆ దేవుడు ఒప్పుకోలేదేమో అనుకున్నాను. అది ఎవరికి చెప్పుకుంటాం? చెప్పుకోవడానికి సిగ్గేసింది.”

“పెళ్ళిలో నేను నోరు తెరవమంటే ఎందుకు తెరిచావు? చెంప మీద ఒక్కటి కొట్టుంటే సరిపోయేది కదా.”

“నిన్నా?” ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “నీకు తొమ్మిదేళ్ళప్పుడు రోజూ తెరిచేవాడిని. అప్పుడు నువ్వు వాసన వచ్చినా ఒక్కోసారి లేదని మీ అమ్మకి అబద్ధం చెప్పేదానివి. గుర్తుందా?”

ఆమెకు గుర్తులేదు. తండ్రికి కోపం వస్తే తట్టుకోవడానికి సిద్ధమై వచ్చింది గానీ, దీనికి సిద్ధపడి రాలేదు. క్షమించమని అడగాలని మెట్లెక్కేటప్పుడు అనుకుంది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఆ మాట అడిగి ఎరగరు. నోటి దాకా వచ్చి ఆగిపోయింది. “కాఫీ తెస్తాను,” అని లేచింది.

తండ్రిని అడగలేకపోయినా నలుగురి ముందు పోగొట్టిన పరువు తిరిగి ఇవ్వాలనుకుంది. రిపోర్టు పట్టుకుని మణచ్చనల్లూరు వెళ్ళి పాప్పాత్తి అత్త ఎదురుగా కూర్చుని, జరిగిందంతా చెప్పింది. అత్త వక్క కత్తిరిస్తూ విన్నది.

“విటమినా?”

“ఔనత్తా. ఆ రోజు అప్పా తాగలేదు. చుక్క కూడా తాగలేదు.”

“పోనీలే, ఏదో ఒకటి. కూతురివి, కప్పుకోవాలి కదా. నేను తప్పుపట్టను.”

“కప్పుకోవడం కాదత్తా. తప్పు నాది. నేనే అందరి ముందూ...”

“అదే అంటున్నా. తాగలేదన్న నమ్మకముంటే కన్నకూతురు అంతమందిలో నోరు తెరిపించి వాసన చూస్తుందా? నువ్వు చూశావు కాబట్టే మేమూ అనుకున్నాం.” అత్త తమలపాకులో వక్క చుట్టి నోట్లో పెట్టుకుంది. “ఊళ్ళో అందరికీ తెలిసిపోయిన సంగతి. ఇప్పుడు నువ్వొచ్చి మార్చలేవే. కాఫీ తాగి పో.”

మంగై తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని రిపోర్టు మడిచి సంచిలో అడుగున పెట్టేసింది. అత్త మాటలో ఎక్కడా తప్పు దొరకలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఆఫీసులో తర్వాతి బ్యాచికి విటమిన్ల చాప్టరు చెప్పవలసిన రోజు వచ్చింది. గొంతు బాగాలేదని చెప్పి, ఆఫ్రీన్‌ని చెప్పమంది. గాజు తలుపు ఇవతల నిలబడి విన్నది. ఆఫ్రీన్ బాగానే చెబుతోంది. “మనం చూడని మనిషి గురించి ఏదీ అనుకోకూడదు, మంగై అక్క నాకు చెప్పింది,” అంటోంది. మంగై తలుపు దగ్గర్నుంచి జరిగి, నీళ్ళ సీసా నింపుకునే నెపంతో అక్కడినుంచి వెళ్ళిపోయింది.

కదిరేశన్ మతి చాలావరకు తేటపడింది. కాళ్ళు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఆరేడు నెలల ముందే వచ్చుంటే ఇంకా మేలయ్యేదని డాక్టరు మామూలుగా అనేసింది. ఆ లెక్క మంగై వేసుకోనక్కర్లేకపోయింది. ఆయన కుళాయి దగ్గర పడేనాటికి ఆ పెళ్ళి జరిగి దాదాపు అంతే అయింది.

ఇప్పుడు నెలకో సూది. ఆ రోజున మంగై సగం పూట సెలవు పెట్టి తండ్రిని తీసుకెళుతుంది. ఒకసారి తిరిగి వస్తూ, వర్క్‌షాపు గోడ పక్కనుంచి నడుద్దామన్నాడు. “నువ్వు పట్టుకోకు. ఒక అడుగు వెనక రా. నాకెంత వస్తోందో చూస్తాను,” అన్నాడు. చేతికర్ర పొడుచుకుంటూ, ప్రతి అడుగూ కిందికి చూసుకుంటూ నడిచాడు. ఎదురుగా సైకిలు మీద వస్తున్న పాత స్నేహితుడొకడు కాలు నేలకానించి ఆగాడు.

“ఏం కదిరేశా, మళ్ళీ మొదలెట్టావా?”

కదిరేశన్ నవ్వి, “ఔనప్పా,” అన్నాడు.

“లేదు!” మంగై గొంతు ఆమెకే కొత్తగా, గట్టిగా వినిపించింది. “తాగలేదు చిత్తప్పా. పళని వెళ్ళొచ్చినప్పటినుంచీ ఈయన తాగలేదు. నరాల జబ్బు. నేను కనిపెట్టలేకపోయాను. కనిపెట్టాల్సిన చదువు చదివి కూడా...”

గేటు దగ్గర టీ తాగుతున్నవాళ్ళు ఇటు తిరిగి చూశారు. ఆ మనిషి ముఖం మాడిపోయింది. “ఊరికే సరదాకి అన్నానమ్మా,” అని గొణిగాడు.

“పోనీయవే అమ్మాడీ. వాడికి వేళవుతోంది,” అన్నాడు కదిరేశన్, స్నేహితుడి భుజం తట్టి పంపిస్తూ.

మంగైకి చెవులు వేడెక్కాయి. పెళ్ళి మంటపంలో అనవలసిన మాట, ఏ పాపమూ ఎరగని దారిన పోయేవాడి మీద అరిచింది. మళ్ళీ నలుగురి ముందే, మళ్ళీ ఆయన పేరే. తండ్రి వెనక్కి తిరిగి చూడలేదు. కర్ర ముందుకి వేసి, గోడ నీడలో, వీధి మలుపు దాకా ఆగకుండా నడిచాడు. ఆమె ఒక అడుగు వెనకనే వచ్చింది.